సర్దుబాటు

సోమవారం పొద్దున కరెంటు బిల్లు వచ్చేసరికి టైలరమ్మ ఇరవై మూడో చొక్కాకి కాలరు ఎక్కిస్తోంది. తలుపు కింది సందులోంచి కాయితం లోపలికి జారిన చప్పుడు వినిపించినా తలెత్తలేదు. కాలరు మొన తిరిగేచోట పాదం ఆపితే అక్కడ ముడత పడుతుంది, విప్పి మళ్ళీ కుట్టాలి. ఆ మొన తిప్పి, దారం కత్తిరించి, సూదిని గుడ్డలోంచి పైకి లేపాక అప్పుడు లేచి వెళ్ళి తీసుకుంది.

"ఎంతట?" అంది ఆడపడుచు, వెనక చాప మీద కూర్చుని గుండీలు కుడుతూ.

"నాలుగు వేల మూడు వందల పది."

"పోయిన నెలకన్నా ఇరవై తక్కువ. మనమీద జాలి పుట్టినట్టుంది వాళ్ళకి."

టైలరమ్మకి నవ్వు రాలేదు. రెండు నెలల కిందటే కుట్టు మిషను మోటారు ఊడదీసి, తోలు బెల్టు వేసి, కాలితో తొక్కడం మొదలుపెట్టింది. ఇస్త్రీకి బొగ్గులపెట్టె దించింది. ఇంట్లో ఉన్నది ఒక ఫ్యాను, రెండు లైట్లు. ఆ ఫ్యాను కూడా కొలతలివ్వడానికి ఎవరైనా వస్తేనే వేస్తోంది. కాపలాదార్ల కంపెనీ వాళ్ళ నీలం చొక్కాలు నలభై, శనివారానికల్లా ఇస్తానని ఒప్పుకుంది. మోటారుంటే బుధవారానికే అయిపోయేవి. పైగా అంచులు కుట్టే రెండో మిషను అయిదు నెలల క్రితం అమ్మేసింది. ఎందుకమ్మిందో ఇంట్లో ఇద్దరికీ తెలుసు. అమ్మిన డబ్బుతో కట్టిందీ ఈ బిల్లులే.

"మోటారు తీసినా అంతే, పెట్టినా అంతే. పోనీ పెట్టేసుకో వదినా. నీ మోకాళ్ళన్నా మిగుల్తాయి."

"పెడితే, మోటారుంది కాబట్టి అంత వచ్చిందంటారు."

కొలతల పుస్తకం వెనకనుంచి తిప్పింది. అక్కడ తొమ్మిది ఫిర్యాదు నంబర్లు ఉన్నాయి, ఒక్కోటీ పదకొండు అంకెలు. ప్రతిదాని పక్కనా తేదీ వేసి ఉంది. ప్రతిదానికీ మూడు నాలుగు రోజుల్లో ఫోనుకి ఒకే కబురొచ్చింది: మీ ఫిర్యాదు పరిష్కరించబడింది.

ఫోను చేసింది. ఒకటి నొక్కమంటే ఒకటి, నాలుగు నొక్కమంటే నాలుగు నొక్కింది. పాట అయ్యేలోపు రెండు జేబులు మడిచి గుండుసూదులు గుచ్చింది. చివరికి ఒకమ్మాయి పలికింది.

"మీ పాత ఫిర్యాదు పరిష్కారమైనట్టు చూపిస్తోందండి."

"ఎవరు పరిష్కరించారమ్మా?"

"మా సిబ్బంది వచ్చి చూశారండి. ఇంటికి తాళం వేసి ఉందని రాశారు."

"తాళం వేసుంటే ఎట్లా పరిష్కరించారు?"

అవతల వేళ్ళు మీటల మీద టకటకలాడాయి.

"మీ ఓపికకు ధన్యవాదాలండి," అంది ఆ అమ్మాయి.

టైలరమ్మ ఫోను పెట్టేసి, మిషను మీద గుడ్డ కప్పి, బల్ల కింద సంచీలో ఉన్న మోటారు తీసి భుజాన వేసుకుంది.

"దాన్నెక్కడికి మోసుకుపోతావు?"

"చూపిస్తాను. కళ్ళున్న మనుషులు ఒక్కరైనా ఉంటారు కదా అక్కడ."

కరెంటు కంపెనీ ఆఫీసులో నాలుగో కిటికీ దగ్గర గంటన్నర నిలబడింది. కిటికీ వెనక కళ్ళజోడుకి తాడు కట్టుకున్న ఒకావిడ కూర్చుంది. ముఖం ఎత్తకుండానే బిల్లు తీసుకుని, నంబరు కొట్టి, "మీటరు ఎంత చూపిస్తే అంతే వస్తుందమ్మా," అంది. ఆ ముక్క రోజుకి వందసార్లు అని అని అరిగిపోయిన గొంతు.

టైలరమ్మ సంచీలోంచి మోటారు తీసి కిటికీ గట్టు మీద పెట్టింది. ఠంగుమంది. వెనక వరసలోవాళ్ళు మెడలు సాచారు.

"ఇదండీ మా ఇంట్లో కరెంటు తాగే వస్తువు. రెండు నెలలుగా సంచీలో ఉంది. బూజు పట్టింది చూడండి. ఇది తిరక్కుండా మీ మీటరు ఎట్లా తిరుగుతోంది?"

కళ్ళజోడావిడ తలెత్తింది. మోటారుని వేలితో తాకి, వేలికంటిన మసిని చూసుకుని, కాయితం ముక్కకి తుడుచుకుంది.

"నా ఫిర్యాదు తొమ్మిది సార్లు మూశారు. ఒక్కసారి కూడా మా గడప తొక్కలేదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా నా మిషను చప్పుడు వీధి చివరికి వినిపిస్తుంది. తాళం వేసుందని రాశారంటే ఏ కళ్ళతో చూసి రాశారండీ? మీకు దణ్ణం పెడతాను, ఈసారి మాత్రం మూయకండి. ఎవరో ఒకరు వచ్చి చూసేదాకా అట్లాగే తెరిచి ఉంచండి. అంతే నేనడిగేది."

ఆవిడ అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించింది. "తనిఖీ తప్పనిసరి అని ఒకటుంది. అందులో పెడితే ఇంజనీరు సంతకం లేకుండా ఎవరూ మూయలేరు. మా పై వాళ్ళకి అది పెడితే నచ్చదు." రెండుసార్లు మీట నొక్కింది. "పెట్టాను. ఇంక నేను మూద్దామన్నా మూతపడదు."

టైలరమ్మకి ఆ కిటికీలోంచి చెయ్యి దూర్చి ఆవిడ చెయ్యి పట్టుకోవాలనిపించింది. మోటారు తీసి సంచీలో వేసుకుంది.

మర్నాడు పదిగంటలకల్లా లైన్‌మన్ వచ్చాడు. నలభై ఏళ్ళ మనిషి, ఎండకి మాడిన ముఖం. వస్తూనే, "తాళం ఎక్కడుందక్కా, అందరూ చూసిన తాళం?" అన్నాడు. ఆడపడుచు పడీ పడీ నవ్వింది.

మెట్ల కింద పక్కపక్కన రెండు మీటర్లు ఉన్నాయి. ఒకటి టైలరమ్మది, ఒకటి పక్కవాటా వాళ్ళది. లైన్‌మన్ ఇంట్లోని పెద్ద స్విచ్చి ఆపేసి రమ్మన్నాడు. ఆపేసి వచ్చింది. అతను మీటరు వైపు వేలు చూపించాడు. ఎర్రటి చుక్క ఆగకుండా మినుకుమినుకుమంటోంది.

"చూశావా? నీ ఇంట్లో దీపం లేదు, ఇది మాత్రం పరిగెడుతోంది." సంచీలోంచి స్క్రూడ్రైవరు తీసి మూత విప్పాడు. తీగల వెంట వేలు పెట్టి పైదాకా వెళ్ళాడు, మళ్ళీ కిందికొచ్చాడు. "నీ ఫ్యూజు ఇదే కదా? తీస్తున్నాను."

తీశాడు.

గోడ అవతల, పక్కవాటాలో, కుయ్యిమని ఒక కూత లేచింది. ఆ వెంటనే ఆడమనిషి కేక. "అయ్యో, మిషను ఆగిపోయింది! మిషను ఆగిపోయిందే అమ్మాయ్!"

టైలరమ్మ అతని చెయ్యి పట్టుకుంది. "పెట్టు తమ్ముడూ, ముందు పెట్టు! అక్కడ ఆక్సిజన్ మీద మనిషున్నాడు!"

అతను ఫ్యూజు గబుక్కున పెట్టేశాడు. కూత ఆగింది. ఒక్క క్షణం తరవాత గోడ అవతల ఆ మోత, అలవాటైన ఆ బరువైన మోత, మళ్ళీ మొదలైంది. లైన్‌మన్ చేతులు దులుపుకుని రెండు మీటర్ల వంకా చూశాడు.

"కొత్త మీటర్లు పెట్టినప్పుడు తీగలు తారుమారు చేశారక్కా. పద్నాలుగు నెలలనుంచీ వాళ్ళది నువ్వు కడుతున్నావు, నీది వాళ్ళు కడుతున్నారు."

"నేను చెప్పలేదూ!" అంది టైలరమ్మ ఆడపడుచుతో. "చెప్పానా లేదా? నా మీటరు కాదని మొత్తుకున్నానా లేదా?" ఎన్నాళ్ళో నీళ్ళలో మునిగి ఒక్కసారి పైకి తేలినట్టుంది ఆమెకి. లైన్‌మన్‌కి మంచినీళ్ళిచ్చింది. అతను ఫోనులో ఫోటోలు తీసుకుని, తీగలు సరిచేసి, రాసుకోవలసింది రాసుకున్నాడు.

పక్కవాటా పిన్ని అప్పుడు బయటికొచ్చింది. చేతులకి జిగురు, జిగురుకి కాయితం ముక్కలు. కాయితం సంచులు అంటించి దుకాణాలకి వేస్తుంది. బాబాయ్ పాతికేళ్ళు రాళ్ళు కోసే ఫ్యాక్టరీలో చేశాడు. ఆ దుమ్మంతా ఊపిరితిత్తుల్లో చేరి, ఏడాదిన్నరగా ముక్కుకి గొట్టంతో మంచం మీదే ఉన్నాడు. కరెంటు పోతే వాడుకోడానికి చిన్న సిలిండరొకటి ఉంది. అది రెండు గంటలకి మించి రాదు.

"ఏమయిందే?" అంది పిన్ని.

లైన్‌మన్ చెప్పాడు. పిన్ని మొదట అర్థం కానట్టు చూసింది. ఆ తరవాత అర్థమై, కొంగుతో చేతులు తుడుచుకుంది. జిగురు కొంగుకంటింది.

"అదా... మా బిల్లు వెయ్యికి అటూ ఇటూ వచ్చేది, ఈమధ్య మూడొందలు, నాలుగొందలే. రోగి ఉన్న ఇల్లు కదా అని తగ్గించారనుకున్నాం. మీ బాబాయ్ అనేవాడు కూడా, కంపెనీవాళ్ళలోనూ మనుషులున్నారే అని."

లైన్‌మన్ సంచీ జిప్పు లాక్కున్నాడు.

బుధవారం మధ్యాహ్నం రెండు కబుర్లొచ్చాయి. టైలరమ్మ ఫోనుకి వచ్చినదాంట్లో, ఆమె ఎక్కువ కట్టిన నలభై ఆరు వేల రెండు వందలు ఆమె ఖాతాలో జమచేశామనీ, రాబోయే బిల్లుల్లో సర్దుబాటు చేస్తామనీ ఉంది. ఆడపడుచు అది మూడుసార్లు పైకి చదివి, "నలభై ఆరు వేలు! ఇంక మోటారు పెట్టుకో వదినా, ఫ్యాను కూడా వేస్తాను," అని నిజంగానే ఫ్యాను వేసింది. టైలరమ్మ బెల్టు విప్పి మోటారు బిగించింది. కాలు అలా ఆనిస్తే చాలు, కుట్టు నీళ్ళలా పారింది. సాయంత్రానికల్లా ఆరు చొక్కాలు లేచాయి.

రెండో కబురు పక్కవాటాకి కాయితంగా వచ్చింది. పిన్ని దాన్ని పట్టుకుని గుమ్మంలోకి వచ్చి నిలబడింది. లోపలికి రమ్మంటే రాలేదు.

"కళ్ళజోడు కనపళ్ళేదు. ఏముందో కాస్త చదువు అమ్మాయ్."

పద్నాలుగు నెలల తేడా, దానిమీద ఆలస్య రుసుము. మొత్తం నలభై తొమ్మిది వేల చిల్లర. వారం లోగా కట్టకపోతే కనెక్షను తొలగించబడును. టైలరమ్మ మొత్తం చదివింది. చదువుతున్నకొద్దీ తన గొంతు తనకే ఎవరిదోలా వినిపించింది.

పిన్ని కోప్పడలేదు, ఏడవలేదు. కాయితాన్ని నాలుగు మడతలు పెట్టింది. సంచులు మడిచే చెయ్యి, మడతలు తీర్చినట్టు వచ్చాయి.

"నీ తప్పేముందిలే. నువ్వు మాత్రం ఎన్నాళ్ళని కడతావు?" అని, వెళ్ళబోతూ ఆగి అడిగింది. "ఆ మిషను రోజుకి ఎన్ని గంటలు నడిపితే సరిపోతుందంటావ్?"

"డాక్టరేమన్నాడు పిన్నీ?"

"డాక్టరు రోజంతా అన్నాడనుకో. వాళ్ళు అట్లాగే అంటారు కదా."

గురువారం పొద్దున టైలరమ్మ కాజాలు కుడుతూ ఉండగా ఏదో తేడాగా తోచింది. మిషను ఆపి విన్నది. మిషను బాగానే ఉంది. మళ్ళీ మొదలుపెట్టింది, మళ్ళీ ఆపింది. గోడ అవతల మోత లేదు. పద్నాలుగు నెలలుగా పగలూ రాత్రీ ఆ మోత వింటూనే ఉంది. దానికి డబ్బు కట్టింది తనేనని ఇప్పుడు తట్టింది.

లేచి వెళ్ళింది. పిన్ని దుకాణాలకి సంచులు వెయ్యడానికి వెళ్ళినట్టుంది, తలుపు చేరవేసి ఉంది. బాబాయ్ మంచం అంచున కూర్చుని, రెండు చేతులూ మోకాళ్ళ మీద ఊని, ముందుకి వంగి ఉన్నాడు. గొట్టం మెడలో వేలాడుతోంది. పెదవులు నీలంగా ఉన్నాయి. మిషను స్విచ్చి ఆయన చేతికందేంత దూరంలోనే ఉంది.

"ఎవరాపారు బాబాయ్?"

ఆయన చెయ్యి ఊపాడు, నేనే అన్నట్టు. మాట రావడానికి చాలాసేపు పట్టింది. "మీ పిన్ని... ఇంట్లో లేనప్పుడు... ఆపుతాను. వచ్చేసరికి... వేస్తాను. చెప్పకు."

టైలరమ్మ స్విచ్చి వేసింది. గొట్టం ముక్కుకి సర్ది, పిన్ని వచ్చేదాకా అక్కడే కూర్చుంది. ఆ గంటలో నాలుగు చొక్కాలకి కాజాలు అయ్యుండేవి.

మధ్యాహ్నం మళ్ళీ నాలుగో కిటికీ. కళ్ళజోడావిడ గుర్తుపట్టి నవ్వింది. "అయిపోయింది కదమ్మా! నాకూ సంతోషమేసింది."

"నా ఫిర్యాదు వెనక్కి తీసుకుంటానండీ."

ఆవిడ నవ్వు ఆగింది. "అదేంటి?"

"అంతా పాతలాగే ఉండనివ్వండి. తీగలు ముందు ఎట్లా ఉండేవో అట్లాగే మార్చేయమనండి. పెద్ద బిల్లు నేనే కడతాను. పక్కవాళ్ళకొచ్చిన కాయితం రద్దు చెయ్యండి."

"అట్లా కుదరదమ్మా. తనిఖీ అయింది, ఇంజనీరు సంతకం పెట్టాడు. ఇంక దాన్ని ఎవరూ తియ్యలేరు. మూయొద్దని మీరే కదా అడిగింది."

"నేనే అడిగాను." టైలరమ్మ కిటికీ చువ్వ పట్టుకుంది. "తొమ్మిది సార్లు నన్నడక్కుండా మూశారు కదండీ. ఇప్పుడు నేనడుగుతున్నాను, మూయండి."

ఆవిడ మీటల మీదనుంచి చేతులు తీసేసింది.

"పోనీ, తీగలు తప్పు కలిపింది మీవాళ్ళే కదా. ఆ తప్పుకి వాళ్ళెందుకు కట్టాలి?"

"వాడిన కరెంటుకి కడుతున్నారమ్మా. రూలు అదే."

"అయితే నాకు జమ చేసిన డబ్బు వాళ్ళ బిల్లుకి వేసుకోండి. రాసిస్తాను, వేలిముద్ర కూడా వేస్తాను."

"ఒకరి ఖాతాలోది ఇంకొకరికి మార్చడానికి లేదు."

"అదీ లేదా? నా డబ్బు నా చేతికియ్యండి, నేనే వాళ్ళకిస్తాను."

"చేతికివ్వరమ్మా." ఆవిడ కళ్ళజోడు తీసి, కళ్ళు నులుముకుంది. "మీ మీటరు మీద మీరు వాడే కరెంటులోనే తీరుతుంది. ఎంత వాడినా ఆ డబ్బు అయిపోయేదాకా మీకు బిల్లు రాదు. అంతకుమించి నేను చెయ్యగలిగింది లేదు. నిజంగా లేదు."

టైలరమ్మ పక్కకి తప్పుకుంది. వెనకున్న మనిషి తన బిల్లు లోపలికి తోశాడు. బస్సు దిగి ఇంటివైపు నడుస్తూ ఉండగా, ఆవిడ అన్న మాట మళ్ళీ ఒకసారి మనసులో తిరిగింది. ఎంత వాడినా. సందు మలుపులో కరెంటు సామాన్ల కొట్టు ముందు ఆగి, లావుపాటి తీగ ఎనిమిది గజాలు, మూడు రంధ్రాల ప్లగ్గుపెట్టె ఒకటి అడిగింది.

"దీన్నేం చేస్తావు వదినా?" అంది ఆడపడుచు.

చెప్పింది. ఆడపడుచు గుండీ కుట్టడం ఆపేసింది. "అందులో మనకి మిగిలేదేముంది? మళ్ళీ తొక్కుడేనా?"

"తొక్కుడే."

"ఆ డబ్బు అయిపోయాక?"

"అది అప్పుడు చూద్దాం."

ఆడపడుచు గొణుక్కుంది. దారం నోటితో తడిపి సూదిలోకి ఎక్కించబోయింది, రెండుసార్లు తప్పింది. "మొత్తం ఇంటికి ఇస్తే మన ఖాతా పది నెలల్లో ఖాళీ. ఆ ఆక్సిజన్ మిషను ఒక్కదానికే ఇవ్వు," అంది చివరికి. అది ఒప్పుకోవడమే.

శనివారం చొక్కాలు ఇచ్చేసింది. ముప్పై ఎనిమిదే అయ్యాయి, రెండు తగ్గినందుకు మాట పడింది. మంగళవారం పొద్దున, గడువుకి ఒకరోజు ముందు, వెనక కిటికీ చువ్వల మధ్యనుంచి తీగ లాగి పక్కవాటా కిటికీలోకి తోసింది. పిన్ని అందుకుంది. ఆ తీగ కొసని రెండు చేతులతో పట్టుకుని అట్లాగే నిలబడింది.

బాబాయ్ మాత్రం ఒప్పుకోలేదు. ప్లగ్గు మార్చబోతే అరచెయ్యి అడ్డం పెట్టాడు.

"ఎవరి... కరెంటది?"

టైలరమ్మ పిన్ని వంక చూసింది. పిన్ని తలదించుకుంది.

"కంపెనీదే బాబాయ్."

"కంపెనీ... ఎందుకిస్తుంది?"

"తప్పు వాళ్ళదని ఒప్పుకున్నారు. రోగి ఉన్న ఇల్లు కదా, మిషనుకి ఖర్చు మేమే పెట్టుకుంటాం అన్నారు. మా మీటరు మీదనుంచి లాక్కోమన్నారు."

"అబద్ధం."

అప్పుడే గుమ్మంలో చప్పుడైంది. లైన్‌మన్. చేతిలో కనెక్షను తీసేసే కాయితం ఉంది. ఒకరోజు ముందే పంపించారట. అతను ఇంటిని, కిటికీలోంచి వచ్చిన తీగని, ముగ్గురి ముఖాలని చూశాడు. ఒక మీటరు మీద రెండిళ్ళు నడపడం నేరమని అతనికి తెలుసు. చూసి కూడా రాయకపోతే తన ఉద్యోగం పోతుందనీ తెలుసు.

"ఇదుగో, కంపెనీ మనిషే వచ్చాడు. ఆయన్నే అడుగు," అంది టైలరమ్మ. అంటూ లైన్‌మన్ కళ్ళలోకి సూటిగా చూసింది.

బాబాయ్ అతనివైపు తిరిగాడు. "ఏం బాబూ... మిషనుకి... మీరే ఇస్తున్నారా?"

లైన్‌మన్ కాయితాన్ని చొక్కా జేబులో పెట్టుకుని, జేబు గుండీ పెట్టుకున్నాడు.

"అవును పెద్దాయనా. మిషను ఒక్కదానికే. లైటు, ఫ్యాను ఇవ్వరు. అవి ఇప్పుడు ఆపేస్తాను."

"న్యాయమే," అన్నాడు బాబాయ్, చెయ్యి తీస్తూ.

ప్లగ్గు మార్చారు. మోత మొదలైంది. లైన్‌మన్ మెట్ల కిందికి వెళ్ళి పక్కవాటా ఫ్యూజు తీసేశాడు. పైన ఫ్యాను రెక్కలు నెమ్మదించి, ఒక్కొక్కటిగా విడివిడిగా కనిపించి, ఆగాయి. అతను తీసేసిన ఫ్యూజుని ఫోటో తీసుకున్నాడు. ఫోనుని బాగా దగ్గరికి పెట్టి, ఇంకేదీ పడకుండా తీసుకున్నాడు. వెళ్తూ టైలరమ్మతో, "నా తరవాత ఎవరొస్తారో నాకు తెలీదక్కా," అన్నాడు. అంతే.

ఆమె లోపలికొచ్చేసరికి బాబాయ్ దిండుకి ఆనుకుని కూర్చున్నాడు. పెదవులకి కాస్త రంగొచ్చింది. గది చీకటిగా, ఉక్కగా ఉంది. పిన్ని అట్టముక్కతో విసురుతోంది.

"నువ్వు... చదువుకున్నదానివి. ఒక ఉత్తరం రాసిపెట్టమ్మా... కంపెనీవాళ్ళకి."

"ఎందుకు బాబాయ్ ఇప్పుడు?"

"మేలు చేస్తే... చెప్పొద్దూ? రాయి."

పిన్ని విసరడం ఆపింది. టైలరమ్మ ఇంట్లోకి వెళ్ళి, చొక్కాల నమూనాలు గీసే ఖాకీ కాయితం ఒక ముక్క చింపుకుని, పెన్సిలుతో వచ్చింది. కిటికీ వెలుతురులో, నేలమీద కూర్చుని, కాయితం మోకాలి మీద పరుచుకుంది.

ఆయన ఊపిరికీ ఊపిరికీ మధ్య ఒక్కో మాట చెప్పాడు. కంపెనీవారికి నమస్కారాలు. మీరు చేసిన సాయం మరిచిపోము. చేసిన తప్పు తమదేనని ఒప్పుకునేవాళ్ళు ఈ రోజుల్లో ఎందరుంటారు. మీరూ మీ పిల్లలూ చల్లగా ఉండాలి.

"రాశావా?"

"రాశాను."

"అక్షరాలు... విడివిడిగా రాయి. పెద్దవాళ్ళు... చదివేది."

పెన్సిలు మొన విరిగింది. పళ్ళతో చెక్క కొరికి మళ్ళీ మొన తీసుకుంది. 'మీ పిల్లలూ' అన్న చోట అక్షరాలు అలుక్కుపోతే, చెరిపి, దాన్ని మళ్ళీ విడివిడిగా రాసింది.

"కింద నీ పేరు రాయనా బాబాయ్?"

ఆయన తల ఊపాడు. మిషను మోత గదంతా నిండి ఉంది.

"నీదీ రాయి. నీ డబ్బు... నీకు తిరిగిచ్చారు కదా."

ఆమె ముందు ఆయన పేరు రాసింది. దాని కింద తన పేరు రాసింది.